ఎదురు నేర్చిన బట్వాడి

ఇంటింటికీ పొట్లాలు తనంతట తానే చేరవేసే పదకొండో బట్వాడి బండి చక్రాల అడుగున చేయి పెట్టి చూసి, తనిఖీదారు గౌరునాయుడు చేతిలోని పలకపై "సురక్షితం" నొక్కాడు. కాలిబాటపై మనిషి నడకను మించని వేగం, మూల తిరిగేటప్పుడు గంట, వృద్ధులకు మూడడుగుల ఎడం. అన్నీ నియమావళి ప్రకారమే ఉన్నాయి. ఫిర్యాదు పన్నెండోదాని మీద.

ఫిర్యాదు చేసిన సన్యాసమ్మది అతని వీధే; గుమ్మంలోనే ఉంది.

"బీపీ మాత్రలు మూడుసార్లు తెప్పించాను బాబూ. నేను మెట్టు దిగగానే బండి వెనక్కి మళ్లిపోతోంది. మనిషి లేదని రాసుకుంటోందట! పోయింది మా ఆయన గానీ, నేను కాదుగా?"

గౌరునాయుడు నవ్వి, యంత్రం చూసి నేర్చుకున్నవన్నీ ఉండే అభ్యాసపుట తెరిచాడు. ఎవరూ రాయని సూత్రమొకటి అందులో మొలిచి ఉంది. ఏడాదిలో ఈ వీధివారు ఇరవైముగ్గురు, ఇల్లు కదలబోతూ ఈమె ఎదురుపడగానే లోపలికి వెళ్లి, కాసేపు కూర్చుని, మళ్లీ బయలుదేరారు. యంత్రం దాన్ని వీధి మర్యాద అనుకుంది. ఎదురు-విరమణ అని పేరు కూడా పెట్టుకుంది. ఢీకొన్న ఘటనలు శూన్యం కనుక నియమావళి ప్రకారం ఆపనక్కరలేదు.

శకునాలను వెక్కిరిస్తూ ముప్పై ఏళ్లు ఉపన్యాసాలిచ్చిన గౌరునాయుడు, ఆ ఇరవైముగ్గురి నడకముద్రలను కుతూహలంగా చూశాడు. పదిహేడోది కుడికాలు కాస్త ఈడ్చే నడక. తనదే. కూతురి ఇంటర్వ్యూనాటి ఉదయం. దాహం వేసిందని అప్పట్లో తనకు తానే చెప్పుకున్నాడు.

"ఏమంటోంది బాబూ?"

"మమ్మల్ని చూసే నేర్చుకుందటమ్మా. నన్ను కూడా."

"తెలుసులే. ఆ రోజు నీ చెంబు చప్పుడు నాకు వినబడింది."

అతడు "ప్రమాదకరం" నొక్కాడు. అన్నింటి నేర్పూ ఒకటే కనుక వార్డులోని నలభై బట్వాడీలూ ఉన్నచోటే నిలిచిపోయాయి. వెంటనే నియంత్రణ కేంద్రం నుంచి ఫోను.

"నాయుడు గారూ, దెబ్బ ఎవరికి తగిలిందండీ?"

"సన్యాసమ్మ గారికి."

"ఎక్కడ?"

"మన పత్రంలో ఆ గడి లేదు. నేర్పును చెరపాలంటే, ఆగకుండా ఈమెకు ఎదురు వచ్చే నడకలు నాలుగు వందలు కావాలి. ఈ వీధి పొట్లాలన్నీ ఈమె గుమ్మం ముందు దింపించండి. ఎవరివి వాళ్లు వచ్చి పట్టుకెళతారు."

పన్నెండోదాని పెట్టె తెరిచి మాత్రల పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. వీధి చివరిదాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ఆమెకు ఎదురుగా నడిచి వచ్చాడు.

"దాహమేమైనా వేస్తోందా బాబూ?"

"లేదమ్మా."

బట్వాడి గంట ఒకసారి మోగింది. లెక్క మొదలైంది: ఒకటి.