దస్తీ ఏసిన సీటు

శుక్రవారం, పగటన్నం యాల్ల. గలాలీ స్టాపుల నిలబడ్డ. ఈ అరబ్బు దేశంల కంపెనీ బండి తప్ప ఇంకో బస్సు ఎక్కి ఎరుగను. నా పెండ్లాం కళ ఈసా టౌన్‌ల ఒకరింట్ల పని చేస్తది. ఇద్దరం ఒకే దేశంల ఉండి మొకాలు చూసుకోక రెండేండ్లు. ఇయ్యాల ఆమె మేడమ్ గంటసేపు గేటు దాటనిచ్చింది.

"రాజనర్సూ, దారి తప్పుతవ్" అన్నడు స్టాపు దాక వచ్చి మల్లుతున్న మా ఫోర్‌మన్.

"సముద్రం దాటి ఇంత దూరమచ్చినోన్ని, ఈసా టౌన్ పోలేనా?" అన్న.

అంతల్నే గాలిదుమారం లేచింది. ఎండ పసుప్పచ్చగైంది. ఆ దుమ్ముల్నుంచే బస్సొచ్చింది. కిటికీ తెరిచున్నది. జగిత్యాల బస్టాండ్ల నేర్చిన అలవాటు ఊకుంటదా? జేబుల దస్తీ తీసి కిటికీలకెళ్లి సీటు మీదికి ఇసిరిన. తర్వాత ఎక్కిన.

లోపల మనుషులు లేరు. కని అన్ని సీట్ల మీద బట్టలున్నయి. తువ్వాలలు, టోపీలు, సిమెంటు మరకల అంగీ ఒకటి. దవాఖాన వాసన. వీళ్లు నాకంటే హుషారున్నరు, సీట్లు ఆపుకొని ఏడికి పోయిండ్రో అనుకుంట కూసున్న. డ్రైవరుకు పైసలు చూపెట్టిన. తీసుకోలే. మొకం తిప్పలే.

బస్సు సముద్రం మీది వంతెన ఎక్కింది. కింద నీళ్లు కనవడలే. ముందుగాల టైర్ల సప్పుడు ఆగింది. తర్వాత ఇంజను సప్పుడు... బస్సు మాత్రం పోతనే ఉన్నది.

పక్క సీటు మెల్లగ కుంగింది... ఎనక సీటు గూడ... అటుపక్కది గూడ...

చెవుల సల్లటి ఊపిరి.

"కొత్తగచ్చినవా తమ్మీ?"

మన భాషే! తిరిగి చూసిన, మనిషి లేడు.

"ఎవలు నువ్వు?"

"ఈడ దిగుడుండదు... దస్తీ ఏసినవ్ గద. ఇగ సీటు నీదే."

అబద్ధమెందుకు, భయమైంది. కని కళ యాదికొచ్చింది. గేటు కాడ ఆ దుమ్ముల నిలబడి ఉంటది. గంట దాటితే మల్లెప్పుడో దేవునికెరుక. నాకు ఒళ్లు మండింది.

దస్తీ పట్టి గుంజిన. రాలే. అవతల కొస ఎవరో పట్టుకున్నరు. ఇంకింత గుంజిన. పర్రున చినిగి సగం నా చేతికొచ్చింది.

"బస్సాపు! నా పెండ్లాం ఎదురుచూస్తాంది. ఆపకుంటే దునుకుత!"

డ్రైవరు ఉర్దూల గుసగుసగ అన్నడు. "భాయ్... ఇందులకెళ్లి ఎవ్వరూ దిగలే."

"అడిగెటోడు లేక దిగలే!" నా నోరు మంచిది గాదు, ముందు నుంచీ అంతే. సీట్ల దిక్కు తిరిగి ఒర్రిన. "మీరు గూడ ఎన్నేండ్లు కూసుంటరు? సిగ్గు లేదా? దమ్ముంటే దిగుండ్రి నా ఎంబడి!"

బ్రేకు పడ్డది. తలుపు తెరుచుకున్నది. దునికిన.

ఈసా టౌన్! గేటు దాటొచ్చి సందు మలుపుల కళ నిలబడి ఉన్నది. శానా చిక్కింది. నన్ను చూసి నవ్వింది, ఏడ్చింది. నేనూ ఏడ్చిన, సిగ్గేముంది? గోడ నీడకు కూసున్నం. నా కోసం వండిన అన్నం డబ్బా ఒళ్లె పెట్టుకున్నది.

మూత తియ్యబోయి ఆగింది. నా భుజం మీదికెళ్లి చూసి, చున్నీ తలమీదికి గుంజుకున్నది.

"ఇంతమందిని తోల్కస్తున్నవని ఫోన్ల ఒక్క ముక్క చెప్పద్దా?" చెవుల మెల్లగ అన్నది. "అన్నం సాలదు."

నేను ఎనక్కి చూడలే. రమ్మన్నది నేనే గద... కండ్లు మూసుకొని, గట్టిగనే అన్న.

"ఉన్నదే పెట్టు."

మూత తీసిన సప్పుడు. కండ్లు తెరిచి చెయ్యి కడుక్కునే లోపల్నే... డబ్బా అడుగు కనవడ్డది.