మంచి క్రిములకి మేత

అడవిపొలం ఊళ్లోని ఆ ఇంట్లో రోజూ ముందు లేచేది వీరవేణి. కోడి కూడా ఆవిడ తరవాతే. ఆ రోజు మాత్రం కోడలు హారిక ముందు లేచింది. లేచి వంటింటి గూట్లో పంచదార డబ్బా వెనక చెయ్యి పెట్టి వెతికింది. పప్పుల డబ్బాలన్నీ పక్కకి జరిపి చూసింది. కాకినాడ డాక్టరమ్మ ఇచ్చిన వెండిరంగు పొట్లాలు పద్నాలుగుండాలి. ఒక్కటీ లేదు.

హారికకి ఆరో నెల. నాలుగేళ్ల కిందట మొదటి కాన్పు ఏడో నెలలోనే వచ్చేసింది. ఆడపిల్ల. మూడంటే మూడు రోజులుండి వెళ్లిపోయింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఆ బిడ్డ ఊసెత్తలేదు. అత్తగారు అసలే ఎత్తలేదు. తప్పంతా కోడలిదేనని ఆవిడ మనసులో ఉందేమోనని హారిక అప్పట్నుంచీ లోలోపల కుములుతూనే ఉంది.

ఈసారి డాక్టరమ్మ ఇంజెక్షన్లు, స్కానింగులతో పాటు రోజుకో పొట్లం ప్రీబయాటిక్ పొడి కూడా తాగమంది. "మన పేగుల్లో మంచి క్రిములుంటాయమ్మా, ఇది వాటికి తిండి. అవి బాగుంటే చెడ్డవి పెరగవు, ఇన్ఫెక్షన్లు తగ్గొచ్చు. నెలలు నిండకుండా కాన్పు రావడాన్ని ఆపడానికి ఇదీ కొంత సాయపడొచ్చని పరిశోధనలు జరుగుతున్నాయి. తప్పకుండా ఆపుతుందని మాత్రం నేను మాటివ్వలేను" అని ఉన్నదున్నట్టు చెప్పింది. మాటివ్వకపోయినా హారిక ఆ పొడినే పట్టుకుంది. మునిగేవాడికి గడ్డిపరకే ఆధారం కదా.

"ఏవండీ, నా పొట్లాలు తీశారా?"

గణేష్ బ్రష్షు నోట్లో పెట్టుకునే తల అడ్డంగా ఊపాడు.

"అత్తయ్యా, మీరేమైనా చూశారా? పంచదార డబ్బా వెనక పెట్టాను."

వీరవేణి పాలగిన్నె మీంచి చూపు తిప్పలేదు. "చూశాను. మీ మావయ్యగారికిచ్చేశాను."

"మావయ్యగారికా? ఎందుకూ?"

సరిగ్గా అప్పుడే మావగారు దుర్గాప్రసాద్ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. దరియాలతిప్ప దగ్గర ఆయనకి రెండు రొయ్యల చెరువులున్నాయి. బెల్లం, తవుడు, చెరువులో మంచి క్రిములు పెంచే పొడి కలిపి పెరట్లో డ్రమ్ములో పులియబెట్టి, తెల్లారగానే పట్టుకెళ్లి చెరువులో కలుపుతాడు. ఇరవై ఏళ్లుగా అదే పని.

"ఆ పొట్లాలేనా అమ్మా? రాత్రే డ్రమ్ములో కలిపేశాను. ఇవాళ పొడి గట్టిగానే పడింది, రొయ్యలు గంతులేస్తాయి" అన్నాడు సంబరంగా.

గణేష్ నోట్లోంచి బ్రష్షు జారింది.

"నా బిడ్డ కోసం తెచ్చుకున్నది రొయ్యలకి పోసేశారా?" హారిక అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, నేనేం పాపం చేశాను మీకు?"

"పాపం నువ్వు చెయ్యలేదు, నీ మొగుడు చేశాడు!" వీరవేణి కస్సుమంది. "ఏరా, చెరువు సంచీలో కలిపి తెచ్చింది నువ్వు కాదూ? అదే వెండి కవరు, అదే తెల్లపొడి, మీదంతా ఇంగ్లీషు. ఏంట్రా అదంటే 'మంచి క్రిములకి మేత' అన్నావా లేదా? చెరువు కాడ పనోళ్లకి నువ్వు చెప్పే మాట కూడా అదే కదా! చెరువు మందు కడుపుతో ఉన్న పిల్లకి కలిపి తాగిస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

గణేష్ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా! కాకినాడ వెళ్లినప్పుడు చెరువు సామాను, ఆసుపత్రి మందులు ఒకే సంచీలో వేసుకొచ్చాను. అంతే. ఇవి డాక్టరిచ్చినవే."

"ఒక్క మాట నన్నడగొచ్చు కదా అత్తయ్యా?" హారిక కళ్లు నిండిపోయాయి. "నాలుగేళ్ల నుంచీ చూస్తున్నాను. నేను ఏది తిన్నా అనుమానమే, ఏది తాగినా వాసన చూస్తారు. మొదటి పిల్ల నా వల్లే పోయిందని కదా మీకు? ఆ మాట మొహం మీదే అనేయండి, భరిస్తాను. ఇలా మాత్రం చెయ్యొద్దు."

పాలు పొంగి పొయ్యిమీద పడ్డాయి. వీరవేణి కట్టెయ్యలేదు. అక్కడే గడప మీద కూలబడిపోయింది.

"నీ వల్లా? ఎంత మాటన్నావే తల్లీ!" అంది. "ఆ సాయంత్రం నడుం లాగుతోందని నువ్వు నా దగ్గరికే వచ్చావు. ఏడో నెల్లో అంతేలే అన్నాను. శొంఠి కషాయం కాచి గ్లాసుడు తాగించి పడుకోబెట్టాను. తెల్లారేసరికి అంతా అయిపోయింది. ఈ చేత్తో ఇచ్చానే ఆ కషాయం. నేనే పొట్టన పెట్టుకున్నాను నా మనవరాల్ని. అప్పట్నుంచీ నీ నోట్లోకి ఏది వెళ్లినా నా గుండె దడదడలాడిపోద్ది. నీ మీద అనుమానం కాదే, నా మీద నాకే నమ్మకం పోయింది."

గణేష్ స్టవ్ కట్టేశాడు. నాలుగేళ్లు ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకే నేరం ఎవరి నెత్తిన వాళ్లు మోసుకుంటూ తిరిగారన్నమాట! హారిక మెల్లగా గోడ పట్టుకుని అత్తగారి పక్కన గడప మీద కూర్చుంది.

"కషాయం వల్ల కాదు అత్తయ్యా. లోపల ఇన్ఫెక్షన్ వచ్చిందట. అప్పటికి చాలా రోజులైందట, పైకి తెలీలేదట. ఆ ఆసుపత్రిలోనే చెప్పారు నాకు."

"అప్పుడే చెప్పారా?"

"అప్పుడే."

"మరి నాకెవరూ చెప్పలేదేమే?"

ఎవరు చెబుతారు? గుర్తు చేస్తే బాధపడుతుందని ఆవిడ దగ్గర వీళ్లు, వీళ్ల దగ్గర ఆవిడ నోరు కుట్టేసుకున్నారు. వీరవేణి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పసిపిల్లలా ఏడ్చింది. హారిక ఆవిడ తల తన భుజానికి ఆనించుకుంది.

దుర్గాప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "ఏమే, డ్రమ్ములో బెల్లం నేను రొయ్యల కోసం వేస్తున్నానా? క్రిముల కోసం. అవి బలంగా ఉంటే చెరువు బాగుంటుంది, చెరువు బాగుంటే రొయ్యపిల్ల బతుకుద్ది. కోడలు తాగేదీ అలాంటిదేనే. ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"మీరు చెప్పారేంటి ఎప్పుడైనా? వాసనొస్తోందంటే నన్నే కసురుకున్నారు!" అంది వీరవేణి ఏడుపులోనే. హారికకి నవ్వొచ్చింది.

గణేష్ మళ్లీ కాకినాడ పరిగెత్తాడు. మర్నాడు పొద్దున్నే వీరవేణి పల్చటి మజ్జిగలో పొడి కలిపి, ముందు తనే ఒక చెంచాడు తాగింది.

"ఇదేంటత్తయ్యా?"

"ఆయ్, గంట చూద్దాం. నాకేం కాకపోతే నువ్వు తాగుదువుగాని."

"కడుపుబ్బరం ఒక్కటే వస్తుందని డాక్టరమ్మ చెప్పింది."

"అది నాకు ముందునుంచీ ఉన్నదేలే."

ఆ రోజునుంచి గ్లాసు ఆవిడ చేతిమీదుగానే వచ్చింది. రోజూ రెండే ప్రశ్నలు. "నడుం లాగుతోందా? కడుపు బిగుస్తోందా?" ఎనిమిదో నెల్లో ఓ మధ్యాహ్నం కొంచెం బిగుస్తోందని హారిక అందో లేదో, కషాయం ఊసే లేకుండా వీరవేణి కారు పిలిపించేసింది. ఏమీ కాదని డాక్టరమ్మ పంపించేసినా, "ఏమీ లేదని తెలియడానికేగా వెళ్లింది" అంది దర్జాగా.

నెలలు నిండాకే పాప పుట్టింది. వీరవేణి డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "ఆ పొడి పుణ్యమేనా అమ్మా?"

"కొంత అదీ కావచ్చు, చెప్పలేనండీ. ఇంజెక్షన్లున్నాయి, మీరు కనిపెట్టుకుని ఉన్నారు. ఏది ఎంతని విడదీసి చెప్పలేను."

వీరవేణి తలూపి పాపని ఒళ్లోకి తీసుకుంది. ఆ బుల్లి గుప్పిలి విప్పి, వేళ్లు ఒక్కొక్కటీ నిమిరింది.

"మీ అక్క వేళ్లు కూడా ఇలాగే పొడుగ్గా ఉండేవే, బంగారూ" అంది.

మంచం మీద హారిక ఉలిక్కిపడి చూసింది. అక్క. నాలుగేళ్లలో ఆ బిడ్డని పోయిన పిల్లగా కాక, ఇంట్లో ఒకరికి అక్కగా తలుచుకోవడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకోకుండానే, "ఇంకా చెప్పండత్తయ్యా, దాని గురించి" అని అడిగింది.