ఊపిరి పందిరికి కోదండం కొన్న కార్డులు

ఆరో నంబరు మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మడత కూడా విప్పలేదు. అయినా ఆ మంచం నిమిషానికి పదహారుసార్లు ఊపిరి పీలుస్తోందని గోడ మీది తెర చూపిస్తోంది.

డాక్టర్ అరుంధతి కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది. వంగి మంచం కిందికి చూసింది. పిల్లి కూడా లేదు.

“కోదండం గారూ, అక్కడ ఎవరున్నారు?”

“ఎవరూ లేరు మేడం.”

“మరి ఆ ఊపిరి ఎవరిది?”

అది తనదేనని లెంక కోదండానికి అప్పుడే అర్థమైంది. అర్థమైన మరుక్షణం చెవులు రెండూ పెనం మీద పెట్టినట్టు కాలాయి. పైకి మాత్రం గడ్డం గోక్కుంటూ, “ఫ్యాను గాలేమో మేడం” అన్నాడు.

ఫ్యాను ఆగి ఉంది.

ఆ యంత్రం పేరు ఊపిరి పందిరి. మిల్లుపేటలో జనపనార మిల్లు మూతపడి ఇరవై ఏళ్లయినా, అందులో పనిచేసిన వాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము మాత్రం ఇంకా షిఫ్టు దిగలేదు. వాళ్ల కోసమే ఈ ఆరు పడకల వార్డు. ఎప్పుడు ఎవరికి ఊపిరి అందదో తెలియదు. వేలికి క్లిప్పు పెడితే చిరాకుపడి పీకేస్తారు. అందుకని అరుంధతి ఎనిమిదేళ్లు కష్టపడి, ఒంటికి ఏదీ తగిలించకుండా ఊపిరి కొలిచే పద్ధతి కనిపెట్టింది. గది చుట్టూ ఎనిమిది వైర్‌లెస్ నెట్‌వర్క్ కార్డులు ఉంటాయి. ఇంట్లో ఇంటర్నెట్‌కి వాడేవాటి లాంటివే. వాటి తరంగాలు గదంతా పరుచుకుంటాయి. మనిషి ఛాతీ బియ్యపు గింజంత పైకి లేచినా ఆ తరంగాల్లో చిన్న వంకర వస్తుంది. ఆ వంకరల్ని కార్డు పోగేసి ఇస్తే, అరుంధతి లెక్కలు వాటిలోంచి ఎవరి ఊపిరి వాళ్లకి విడదీస్తాయి.

ఆ ప్రోగ్రాము నడిచేది లైనక్స్ మీద, అంటే విండోస్ లాంటిదే గానీ ప్రపంచంలో ఎవరైనా చూసి బాగుచేయగలిగే ఉచిత వ్యవస్థ మీద. కాబట్టి లైనక్స్‌తో పనిచేసే కార్డులు కావాలి. అక్కడే కోదండం అవసరం పడింది.

కోదండానికి లైనక్స్ ఎవరూ నేర్పలేదు, ఆ సంగతి అతను తాకిన ప్రతి కంప్యూటరుకీ తెలుసు. పాడుచేసి, బాగుచేసి, మళ్లీ పాడుచేసి నేర్చుకున్నాడు. ఊళ్లో డ్రైవర్ లేని ఆటోలు తిరుగుతున్నాయి గానీ, డ్రైవర్ లేకుండా నడిచే వైర్‌లెస్ కార్డు మాత్రం ఇంకా పుట్టలేదు. అంటే, ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో లైనక్స్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాము ఉండాలి. ఒక్కో చిప్‌కి ఒక్కో డ్రైవర్. అందుకే కోదండం తన రిపేరు షాపు గోడ మీద ఎర్రరంగుతో స్వయంగా రాసుకున్నాడు: “పెట్టె మీద పేరు చూసి మోసపోకండి. లోపల చిప్ చూసి కొనండి.”

అరుంధతి సలహా అడిగితే, ఆ గోడకి ఆనుకునే కూర్చుని చెప్పాడు. “వాయువేగం-80 తీసుకోండి మేడం. మా ఇంట్లో నాలుగేళ్లుగా అదే. కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చు.”

నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాడు. పెట్టె అదే, పేరు అదే. బార్‌కోడు కింద చీమంత అక్షరాల్లో ‘వి3’ అని, అంటే మూడో రకమని ఉంది. ఇంట్లో ఉన్నది వి2. మధ్యలో కంపెనీ వాళ్లు చిప్ మార్చేశారు, పేరు మాత్రం మార్చలేదు. కొత్త చిప్‌కి లైనక్స్‌లో డ్రైవర్ లేదు.

వారం కిందట కార్డులు బిగించిన రోజే ఈ సంగతి తెలిసింది. అప్పుడే “మేడం, తప్పు జరిగింది, మార్పిద్దాం” అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అరుంధతి నర్సుతో, “మన ఊళ్లోనే ఇంత తెలిసిన మనిషి ఉన్నారు, చూశారా!” అంటోంది. కోదండం ఆ మాటని మింగేసి, పాత చిప్ డ్రైవర్‌నే కొత్త చిప్‌కి తగిలించాడు. ‘నువ్వు వి2 వే’ అని కార్డుని బలవంతంగా ఒప్పించాడన్నమాట. నెట్ వచ్చింది. తెర మీద గీతలు కదిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు, కోదండం కూడా కొట్టాడు.

ఇప్పుడు ఖాళీ మంచం ఊపిరి పీలుస్తుంటే అసలు విషయం తెలిసొచ్చింది. కార్డులు ఆన్ చేసిన మొదటి నిమిషం మాత్రమే కొలతలు ఇస్తున్నాయి, తర్వాత మూగబోతున్నాయి. ఆ మూగతనం పాత డ్రైవర్‌కి తెలియక, ఆ మొదటి నిమిషాన్నే తిప్పితిప్పి వడ్డిస్తోంది. పొద్దున యంత్రం ఆన్ చేసేటప్పుడు కోదండం లాప్‌టాప్‌తో ఆ ఆరో మంచం అంచునే కూర్చున్నాడు.

“కార్డుల్లో ఏమైనా లోపముందా?” అని అరుంధతి సూటిగా అడిగింది.

“కార్డులు బంగారం మేడం.”

“అయితే నా లెక్కలే తప్పు.” ఆమె కుర్చీలో కూలబడింది. “ఎనిమిదేళ్లు...” అని ఆగిపోయి, కాగితాలు తీసుకుని పక్కగదిలోకి వెళ్లింది, మొదటి సమీకరణం నుంచి మళ్లీ చూసుకోవడానికి.

ఆ వెళ్లడం చూస్తుంటే కోదండానికి నేల బీట తీస్తే బాగుండుననిపించింది. మిల్లుపేటలో నేల గట్టిది.

“ఏటి బాబూ, అలా బిగిసిపోనావు?”

మూడో మంచం మీద గేదెల అప్పయ్యమ్మ. మిల్లులో ముప్పయ్యేళ్లు నార దువ్విన మనిషి. ఊపిరి సగమే మిగిలినా నోరు మొత్తం మిగిలింది.

“ఏం లేదు మామ్మా.”

“నానొక పని సేసినాను. ఏమీ తోసక ఊపిరి బిగబట్టి సూసినాను. నాను పీల్సలేదు గానీ నీ డబ్బా మాత్రం పీలస్తానే ఉంది. పద్దెనిమిదంట! అదెవలి ఊపిరి బాబూ?”

“అది... సగటు లెక్క మామ్మా. యంత్రం కొంచెం ఆలస్యంగా తెలుసుకుంటుంది.”

“ఓలమ్మ! నాను సచ్చిపోతే రేపెప్పుడో తెలుసుకుంటాదేటి?” అని నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు.

పందిరి పరీక్ష కోసమని ఆ పొద్దునే అందరి వేళ్ల క్లిప్పులూ తీసేశారు. తెర చూసుకుంటుందన్న ధీమాతో నర్సు దమయంతి మందులు తేవడానికి వెళ్లింది. అప్పయ్యమ్మ మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది. పెదవులు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి. పైన తెర మీద మాత్రం పద్దెనిమిది, పచ్చరంగులో, నిమ్మళంగా.

“సిస్టర్!” అని కోదండం అరిచిన అరుపు పక్కగదిలోకీ వినిపించింది. “తెర చూడకండి! మనిషిని చూడండి! తెర అబద్ధం! ఆక్సిజన్ తెండి!”

దమయంతి పరుగున వచ్చి మాస్కు పెట్టింది. అరుంధతి కూడా వచ్చి అప్పయ్యమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించింది. పది నిమిషాలకి పెదవుల రంగు మారింది. అప్పుడు అరుంధతి నెమ్మదిగా తల తిప్పి అడిగింది.

“తెర అబద్ధమని మీకెలా తెలుసు?”

కోదండం చెప్పేశాడు. వి3 గురించి, బలవంతపు డ్రైవర్ గురించి, ఆరో మంచం గురించి. చెబుతున్నంతసేపూ చెప్పుల కేసే చూశాడు. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే కాస్త తేలికయ్యేది.

“నా లెక్కలు తప్పని పక్కగదిలో కూర్చుని ఏడ్చాను కోదండం గారూ” అందామె. అంతే. క్లిప్పులన్నీ మళ్లీ పెట్టించి, “ఇప్పుడేం చేయాలో చెప్పండి” అని అడిగింది.

చేయాల్సింది ఒకటే. ఆ రకం డ్రైవర్లు రాసేవాళ్లకి లోపం తెలియజేయాలి. కోదండం ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక ప్రోగ్రామరుకి గుట్టుగా ఈమెయిల్ రాశాడు, ఎవరో మిత్రుడి షాపులో జరిగినట్టు. జవాబు గంటలో వచ్చింది. “నాకొక్కడికే కాదు, అందరూ చూసేలా మా మెయిలింగ్ జాబితాకి పంపండి. మా పద్ధతి అదే. మరొకటి, ఆ పాత డ్రైవర్‌ని బలవంతంగా తగిలించిన మనిషి సరిగ్గా ఏంచేశాడో ఆయన్నే అడిగి రాయండి.”

కోదండం తననే అడిగి రాశాడు. రెండు పేజీలు. మిత్రుడు పోయి ‘నేను’ వచ్చింది. ప్రపంచంలో లైనక్స్ తెలిసిన వాళ్లెవరైనా చదువుకోగలిగే చోట, చీమంత అక్షరాలు చూడకుండా కొన్నానని, తెలిసీ దాచానని, ఒక ముసలామె ఊపిరి ఆగబోయిందని రాశాడు. పంపే మీట నొక్కేముందు షాపు బయటికెళ్లి గోడ మీది రాత చూసి వచ్చాడు.

నాలుగు రోజుల్లో వి3 కి సొంత డ్రైవర్ తయారైంది. పందిరి నిజం చెప్పడం మొదలెట్టింది. ఆ సవరణ కింద, లైనక్స్ ఉన్నంతకాలం చెరగని చోట, ఒక వరుస చేరింది: లోపం తెలిపినవారు, లెంక కోదండం. దయచేసి ఆ పేరు తీసేయమని అతను రాశాడు. “కుదరదు, అది మేమిచ్చే గౌరవం” అని జవాబొచ్చింది.

ఆ గౌరవం సంగతి ఎలా పొక్కిందో గానీ మిల్లుపేట ఊగిపోయింది. లైనక్స్‌లో మన కోదండం పేరు! మున్సిపల్ చైర్మన్ టౌన్‌హాల్లో సన్మానం పెట్టించాడు. వేదిక మీద ఊపిరి పందిరి అమర్చి, దాని మధ్యలో కోదండాన్ని కూర్చోబెట్టి, వెనక ఇంత పెద్ద తెర. కొత్త డ్రైవర్ చక్కగా పనిచేస్తోంది. అతను కూర్చోగానే తెర మీద ఇరవై నాలుగు పడింది.

శాలువా కప్పారు. ఇరవై తొమ్మిది.

“మన ఊరి మేధావి!” అన్నాడు చైర్మన్. ముప్పయ్యొకటి.

ఇక ఉండబట్టలేక కోదండం మైకు లాక్కున్నాడు. “అయ్యా, నేను మేధావిని కాదు. పెట్టె చూసి కొన్నాను, చిప్ చూడలేదు. తప్పని తెలిసీ వారం రోజులు దాచాను. డాక్టరు గారితో అబద్ధమాడాను. అదిగో, ఆ మామ్మ చచ్చిపోయేది. నా పేరు అక్కడున్నది అందుకు!”

చైర్మన్ కళ్లు ఒత్తుకున్నాడు. “విన్నారా! ఇంత సాధించీ ఎంత వినయం!”

చప్పట్లు మారుమోగాయి. తెర ముప్పయ్యారుకి ఎక్కింది.

“వినయం కాదర్రా, నిజం సెప్తన్నాడు!” అని ముందువరసలో చక్రాల కుర్చీలోంచి అప్పయ్యమ్మ అరిచింది. “ఆడికి సిగ్గుతో ఊపిరాడ్డం లేదు, దించండర్రా!”

ఆమెకున్న సగం ఊపిరితో ఆ మాట రెండో వరస దాకా కూడా వెళ్లలేదు. అరుంధతి లేచి వేదిక మెట్ల వైపు నడిచింది. కానీ అప్పటికే జనం ఆ అంకెని కోదండానికి వస్తున్న మార్కులనుకున్నారు. ముప్పయ్యెనిమిదికి లేచి నిలబడ్డారు. నలభై దాటగానే ఈలలు వేశారు.