మూగచప్టా కాడ పసుపు లైటు

దర్శికి ఇవతల, వాగు మీద ఉన్న మూగచప్టా సంగతి తెలియని డ్రైవరు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. పుట్టినా ఎక్కువ రోజులు బండి తోలలేదు. ఎంత గొంతున్న బండైనా దాని మీదికి రాగానే నోరు మూసేస్తుందని దానికా పేరు. అక్కడ ఆగిపోయిన లారీలన్నీ వరసగా నిలబెడితే, మొదటి లారీ ఒంగోలు దాటి సముద్రంలో మునుగుతుంది.

పత్తి ట్రాక్టర్లు పోతుంటే రాలిన దూది అక్కడి తుమ్మకొమ్మలకు పట్టుకుని వేలాడుతుంటుంది. చీకట్లో చూస్తే నాలుగు వందలమంది ఆడవాళ్ళు తెల్లచీరలు ఆరేసి... వాటి వెనకాలే నిలబడ్డట్టుంటుంది.

యలమందయ్య భార్య వెంకటరావమ్మ పోయింది ఆ చప్టా మీదే.

శివరాత్రికి వారం ముందు గుండెలో నొప్పంది. యలమందయ్యకు సొంత కారుంది, అద్దెకు తోలేవాడు. ఊళ్ళో సగం మంది ఆ తెల్లకారులో పుట్టారు, మిగతా సగం దాని పుణ్యాన బతికారు. వెనక సీట్లో పడుకోబెట్టి ఒంగోలు ఆసుపత్రికి బయల్దేరాడు. కారు చప్టా మీదికి దిగిందో లేదో... స్టీరింగు ముందు, ఇంజను బొమ్మతో పసుపు లైటు వెలిగింది. బండి రెండు ఎగురులు ఎగిరి ఆగిపోయింది.

తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. వెయ్యిసార్లు తిప్పాడు.

వెనక నుంచి వినబడే ఊపిరి ఎప్పుడాగిందో అతనికి తెలియదు. అది ఆగాక మాత్రం కారు స్టార్టయింది.

ఆనాటి నుంచి మనిషి మొద్దుబారిపోయాడు. ఏడవలేదు. ఎవరేం పెడితే అది తిన్నాడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి తోలాడు. గుంటూరు యార్డులో మిరపకాయలన్నీ ఒక్క ముద్దలో కలిపి పెట్టినా కంట్లో చుక్క నీరు రాదు. కళ్ళంలో కాయలు తొక్కుతుంటే కూలోళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుని తుమ్మేవాళ్ళు. అతను నడిమధ్యన నిలబడి తీరుబడిగా అన్నం తినేవాడు.

పెద్దకర్మ అయ్యాక మళ్ళీ కారు తీశాడు. ఇక అది మొదలు, చప్టా వచ్చిందంటే చాలు, పసుపు లైటు... ఎగురు... వెనక గొట్టం నుంచి నల్లపొగ. ఒంగోలులో ఒక మెకానిక్కు, పొదిలిలో ఒక మెకానిక్కు చూశారు. ఆక్సిజన్ సెన్సరు పోయిందన్నారు. సైలెన్సరు గొట్టానికి బిగించే చిన్న ముక్క అది. పొగలో గాలి ఎంత మిగిలిందో పసిగట్టి కారులోని కంప్యూటరుకి కబురు చెబుతుంది, దాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. రెండుసార్లు కొత్తది వేశారు. రెండుసార్లూ చప్టా కాడ పసుపు లైటు వెలిగింది.

యలమందయ్య ఎవరికీ చెప్పని సంగతొకటుంది. లైటు వెలిగినప్పుడల్లా అతనే ఇంజను ఆపేసి, అద్దంలో వెనక సీటు చూస్తూ కాసేపు కూర్చునేవాడు.

ఇంతలో కూతురు నాగజ్యోతి తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. వెంకటరావమ్మ బతికున్న రోజుల్లో ఆ పిల్ల పక్కింటికి పోయొచ్చినా ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తిప్పి పొయ్యిలో వేసేది. ఆ ఘాటుకి ఊరు ఊరంతా దగ్గి, పొలిమేరలో కుక్కలు కూడా తుమ్మేవి. ఘాటొస్తే దిష్టి లేనట్టని ఆవిడ సంబరం. ఇప్పుడు తిప్పేవాళ్ళు లేరు. నెలలు నిండాయి, ఆసుపత్రి ఒంగోల్లో, దారి చప్టా మీద నుంచే.

"నాన్నా," అంది నాగజ్యోతి, అన్నం వడ్డిస్తూ. "ఆ కారు బాగయితేనే ఎక్కుతా. అమ్మని ఎక్కించినట్టు నన్ను ఎక్కించబాక."

యలమందయ్య ముద్ద మింగి లేచాడు. దర్శి పోయి కరీముల్లాని తీసుకొచ్చాడు.

కరీముల్లాది కార్లకు కరెంటు పని. అరవై ఏళ్ళ మనిషి. బండి నాడి పట్టుకుంటే దాన్ని తయారుచేసిన వాడి పేరు కూడా చెబుతాడని చెప్పుకుంటారు. సెన్సరు చూసి, ముక్కు బాగానే ఉంది గదా, దానికి రెండుసార్లు ఆపరేషన్ ఎందుకు చేయించావు, అని ఎగతాళి చేశాడు. ముక్కు నుంచి తల్లోకి కబురు పోయే వైరుని ఎవరన్నా చూశారా అనడిగాడు. ఎవరూ చూడలేదు. జబ్బు అక్కడే కనబడుతుంటే ఇక్కడ వెతికి లాభం లేదు, పద చప్టా కాడికే, అన్నాడు.

వాళ్ళు పోయేసరికి చీకటిపడింది.

కరీముల్లా పక్క సీట్లో మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దాని తీగలు సెన్సరు కబురు తెచ్చే వైరుకి తగిలించాడు. మీటర్లో అంకెలు ఎగిరిపడుతున్నాయి — పైకి, కిందికి, పైకి. అలా ఎగిరితేనే బతికున్నట్టని చెప్పాడు.

చప్టా వచ్చింది. ముందు చక్రాలు పల్లంలోకి దిగాయి...

కింద ఏదో గీరింది.

అంకె సున్నా అయింది. అలాగే నిలబడిపోయింది. పసుపు లైటు వెలిగింది.

"ఆపు," అన్నాడు కరీముల్లా, గొంతు తగ్గించి.

ఇంజను ఆపించి, సెన్సరు ప్లగ్గు పీకి, మీటరు మోతలో పెట్టాడు. ఆ వైరు ఎక్కడన్నా కారు ఇనుముకి తగులుతుంటేనే అది మోగాలి. ఒక తీగ వైరుకి పెట్టాడు, ఒకటి ఇనుముకి.

కుయ్‌య్‌య్...

ఆ మోతకి తుమ్మకొమ్మల మీది పిట్టలు లక్షా పదహారు వేలు ఒక్కసారి లేచాయి. కరీముల్లా టార్చి నోట కరుచుకుని కారు కిందికి దూరాడు. వైరు వెంబడి చేత్తో తడుముతూ పోతుంటే, కదిలినప్పుడల్లా మోత ఆగుతోంది... మళ్ళీ వస్తోంది... ఆగుతోంది. ఎవరో ఆడమనిషి మూలిగినట్టే.

ఉన్నట్టుండి టార్చి కింద పడింది.

"యలమందా," కారు కింద నుంచి గుసగుస. "వేళ్ళు... ఎవరివో వేళ్ళు."

యలమందయ్య వంగి చూశాడు. ఎండి ముడతలు పడ్డ ఎర్రటి వేళ్ళు ఏడు, చీకట్లో వేలాడుతున్నాయి. అతనికి భయం వెయ్యలేదు. ఏమీ వెయ్యలేదు.

"అవి మిరపకాయలు భాయ్. నేనే కట్టా."

ఏడు ఎండుమిరపకాయలు, వాటి పైన బొగ్గయిన నిమ్మకాయ. అందరూ బంపరుకే కడతారుగానీ, మూగచప్టా దెయ్యం కింద నుంచి పట్టుకునే రకం కాబట్టి కారు కింద కట్టాలని పక్కింటి సుబ్బరావమ్మ చెప్పింది. యలమందయ్య ఇనుపతీగ తీసుకుని, చేతికందిన నల్లటి తాడుకి బిగించి కట్టాడు. అది తాడు కాదు, సెన్సరు వైరు. చప్టా అంచున లేచిన రాయికి మిరపకాయలు తగిలినప్పుడల్లా ఇనుపతీగ లాగుకుపోయి, పైతొడుగు తెగిన వైరుని ఇనుముకి ఆనిస్తోంది. మరెక్కడా అంత ఎత్తు రాయి లేదు.

కరీముల్లా చప్టా మీద కూర్చుని నవ్వాడు. దెయ్యం రాకుండా దెయ్యాన్నే కట్టుకుని తిరుగుతున్నావు గదయ్యా అని, మిరపకాయలు విప్పి పక్కన పెట్టి, వైరుకి టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఇక ఆగదా?" అన్నాడు యలమందయ్య.

"ఆగదు."

"ఒక్కసారి కూడానా?"

కరీముల్లా తలెత్తి అతని మొహం చూశాడు. చూసి, నవ్వు మానేశాడు. పక్కన పెట్టిన మిరపకాయల వంక చూశాడు.

"ఎప్పుడు కట్టావు ఇవి?"

"ఆవిడ పెద్దకర్మ నాడు."

టేపు చుట్టే చెయ్యి ఆగింది. పెద్దకర్మ అంటే ఆవిడ పోయాక గదా. మరి ఆవిడ పోయిన రాత్రి... లైటు ఎందుకు వెలిగింది?

కరీముల్లా గబగబా టేపు చుట్టేశాడు. మిరపకాయల్ని వాగులోకి విసిరేసి, ఇద్దరూ దర్శి చేరారు.

నాగజ్యోతికి నొప్పులు ఆషాఢంలో వచ్చాయి, దీపాలు పెట్టే వేళకి. కారు వెనక సీట్లో, సుబ్బరావమ్మ ఒళ్ళో ఆమె తల. గాలి తగలకూడదని అద్దాలన్నీ ఎత్తారు. ఇదంతా ఆ సుబ్బరావమ్మ చెప్పగా విన్నదే. ఆవిడ అబద్ధమాడితే ఆవిడ నోరే ఒప్పుకోదు.

చప్టా కనబడింది. తుమ్మకొమ్మల మీద దూది కదిలింది.

"ఇయ్యాల ఆపబాకే," అన్నాడు యలమందయ్య, పెదవులు కదిలీ కదలకుండా.

చక్రాలు పల్లంలోకి దిగాయి. ఇంజను గొంతు మారలేదు. పసుపు లైటు వెలగలేదు.

అప్పుడొచ్చింది... ఘాటు.

ముందు సుబ్బరావమ్మ తుమ్మింది. నొప్పుల మధ్యలో నాగజ్యోతి దగ్గింది. మూసిన అద్దాల లోపల, పొయ్యిలో వేసిన ఎండుమిరపకాయల ఘాటు! ఆషాఢంలో ఏ కళ్ళంలో కాయ ఉంటుంది? ఏడు మండలాలు వెతికినా ఒక్క తొడిమ దొరకదు.

"నాన్నా," అంది నాగజ్యోతి మెల్లగా. "అమ్మ దిష్టి తీసినట్టుంది."

యలమందయ్య గొంతు మండింది. ముక్కు మండింది. అయిదు నెలల తర్వాత మొదటిసారి దగ్గాడు, దగ్గుతూనే ఉన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు కమ్ముకుని ఎదుట రోడ్డు కనబడలేదు...

కారు మాత్రం ఆగలేదు.