చప్పట్లు లేని పాఠం

1988 జూన్. పర్ణశాల. ఉదయం 8:40.

రిటైర్డ్ ఇంగ్లీష్ మాస్టారు వెంకటప్పయ్య శవం పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన ఉంది. తల వెనక దెబ్బ.

ముందు చూసింది పోతయ్య. నలభయ్యేళ్ళ కోయ రైతు. మాస్టారి పాత శిష్యుడు.

పది గంటలకల్లా అతని చేతులకే బేడీలు పడ్డాయి.

"పండగకు పిలుద్దామని వచ్చిన సారూ. ముట్టుకుంటే అప్పటికే చల్లగున్నడు."

"అబద్ధం!" పక్కింటి బసవపున్నయ్య అడ్డొచ్చాడు. "ఎనిమిదింబావుకు మాస్టారి పాఠం విన్న. నా చెవులకు చెదలు పట్టలే. ఆ తర్వాత ఇంట్లకు పోయింది వీడొక్కడే."

ఎస్.ఐ. లాల్‌సింగ్ నోట్‌బుక్ తెరిచాడు.

"ఏం పాఠం?"

"రోజూ ఇంటికాడ పిల్లలకు చెప్పేదే. పెర్మిట్. ముందు ఒత్తి పలికితే చీటీ. వెనక ఒత్తితే అనుమతించడం. రికార్డ్ గూడ గంతే. పేరైతే ఒక తీరు, పనైతే ఒక తీరు."

"పిల్లలేం చేస్తరు?"

"ఒత్తిన కాడ చప్పట్లు కొడతరు. మా ఇల్లు గూడ మోగుద్ది."

"ఇయ్యాల మోగిందా?"

బసవపున్నయ్య తడబడ్డాడు.

"లేదు సారూ. పిల్లలంతా విత్తనాల పండగకు పోయిన్రు గద."

"మరి పాఠం ఎవరికి చెప్పిండు?"



లాల్‌సింగ్ లోపలికి నడిచాడు. మాస్టారి భార్య నిర్మలాదేవి పొద్దుటి నుంచి పలకలేదు. ఒళ్ళో టేప్ రికార్డర్. అతను మీట నొక్కాడు.

"ఆబ్జెక్ట్... వస్తువు." మాస్టారి గొంతు. చప్పట్ల కోసం ఆగింది. "అబ్జెక్ట్... అడ్డు చెప్పడం."

గొంతు నొచ్చిన రోజుల కోసం ఆయన చేసిపెట్టుకున్న క్యాసెట్.

"ఎప్పుడు పోయిండమ్మా?"

ఆమె టేప్ ఆపింది.

"మీరు చెప్పకుంటే పోతయ్య జైలుకు పోతడు."



"ఐదింటికి. తొట్టి కాడ కాలు జారిండు, తల అంచుకు తగిలింది. నేను పోయేసరికే అయిపోయింది. చెప్తే అందరొచ్చి తీసుకపోతరు గద సారూ. రోజూ వంట చేసుకుంట ఆ గొంతు వినేదాన్ని. ఇంకొక్క పూట విందామనుకున్న."

అతను ఆ మాటలు రాసుకున్నాడు. బయటికొచ్చి బేడీలు విప్పాడు.

పోతయ్య వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె తలెత్తలేకపోయింది.

"నన్ను తిట్టు పోతయ్యా."

"ఏం తిడతనమ్మా."

"నలుగురు కావాలె. పాడె పడతవా?"

పోతయ్య తువ్వాలు నడుముకు బిగించాడు.

"కత్తెక్కడుందమ్మా? వెదురు కొట్టుకొస్త."