ఉల్లిపాయల ఫోటో

పొద్దున్నే గుమ్మం ముందు పేపరు పడిన చప్పుడు వినగానే కోడలికి ఒళ్ళు మండుతుంది. పెళ్ళయిన కొత్తలో అలా ఉండేది కాదు. మొగుడు పత్రికలో పనిచేస్తాడని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయింది. వార్తలు ఎలా వండుతారో అతను నవ్వుతూ చెప్పే కబుర్లు వినీ వినీ, హోటలు వంటగది చూసినవాడికి ఆ హోటలు తిండి ఎలా ఉంటుందో ఆమెకు ఆ పేపరు అలా అయిపోయింది.

అతను సిటీ పేజీల డెస్క్ ఇన్‌ఛార్జి. ఆఫీసులో అందరూ హెడ్డింగుల మాస్టారు అంటారు. ఎంత చప్పటి వార్తకైనా ఉప్పూ కారం దట్టించి హెడ్డింగు పెట్టగలడు. ఇంట్లోనూ అదే తంతు. పాలు పొంగిపోతే 'పొయ్యిపై ప్రళయం' అంటాడు, పెళ్ళాం అలిగితే 'వంటింట్లో వాయుగుండం' అంటాడు. మొదట్లో ముచ్చటగానే ఉండేది. ఏ ముచ్చటైనా రోజూ వింటే వెగటే.

"ఇవాళ నేనేమైనా పడ్డానా అమ్మాయ్?" వంటింట్లోంచి అత్తగారు అడిగింది.

ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. పోయినేడాది ఉల్లి ధరలు ఆకాశానికి ఎక్కినప్పుడు, మార్కెట్లో తీసిన ఫోటోల్లో జీవం లేదని మాస్టారు ఫోటోగ్రాఫరును ఇంటికే లాక్కొచ్చాడు. అత్తగారు ఉల్లిపాయలు తరుగుతోంది. చెంపల మీద ధారగా నీళ్ళు, వణుకుతున్న పెదవి, నుదుటి మీద చెదిరిన తెల్లజుట్టు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆవిడ దాన్ని కత్తిరించి దిండు కింద దాచుకుంది కూడా.

తర్వాత ఒకరోజు వాననీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. పేజీ అచ్చుకు వదిలే వేళ దాటిపోతోంది, ఫోటోలు రాలేదు. మాస్టారు ఆ పాత ఫోటోలో ఉల్లిపాయలూ కత్తీ కనపడకుండా కోసేసి, ముఖం మాత్రం వేసేశాడు. ఆవిడ వరద బాధితురాలైంది. ఆపైన పింఛను అందని అవ్వ అయింది, చీటీల కంపెనీలో మునిగిన ముసలమ్మ అయింది, ఇల్లు కాలిపోయిన అభాగ్యురాలు అయింది.

"చావొక్కటే తక్కువ, అదీ వేయిస్తాడులే మావాడు" అని ఆవిడే నవ్వేది. కోడలికి మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఇవాళ పేపరు తిప్పుతూ ఆమె చెయ్యి ఆగిపోయింది. పేజీ నెత్తిన లావుపాటి అక్షరాలు: 'కన్నపేగుకు కడగండ్లు'. తల్లిని బస్టాండులో వదిలేసి ఒక కొడుకు పారిపోయాడట. పక్కనే అత్తగారు, ధారగా ఏడుస్తూ. దాని కింద ఇంకో చిన్న హెడ్డింగు: 'కోడలి పోరే కారణమా?'

ఆమె గదిలోకి వెళ్ళి మొగుడి ముఖం మీద దుప్పటి లాగేసింది.

"ఇదేమిటండీ?"

మాస్టారు ఒక కన్ను తెరిచాడు. "ప్రింటు బాగా వచ్చిందే."

"మీ అమ్మ ఇది!"

"ఫైల్ ఫోటో. కింద పేరు వెయ్యలేదుగా. ఎవరు పోలుస్తారు?"

"వీధి వీధంతా పోలుస్తుంది. ఈ పోరు పెట్టిన కోడలెవరండీ? అసలు ఆ బస్టాండు ఆవిడకి కోడలుందని మీకెవరు చెప్పారు?"

"తెలీదు కాబట్టే ప్రశ్న గుర్తు పెట్టాను. ప్రశ్న గుర్తుంటే ఎవరూ కేసు వెయ్యలేరు" అని అతను మళ్ళీ ముసుగు తన్నాడు.

ఛీ, అనుకుంది ఆమె. ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కనే పడుకున్నానా అనుకుంది.

కాసేపటికి కింద వాటా ఆవిడ పంచదార కావాలని గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె చేతిలోనే ఉంది, చూపులు మాత్రం అత్తగారి మోచేతుల మీద పాకాయి. దెబ్బలేమైనా కనపడతాయేమోనని. "ఒంట్లో బాగుంటోందా పిన్నిగారూ? ఏదైనా ఉంటే నాకు చెప్పండి, మనసులో పెట్టుకోకండి" అంటూ కోడలి వైపు ఓరగా చూసి, పంచదార మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆమె పనిచేసే మందుల షాపులో ఇంకా ఘోరం. ఎప్పుడూ బీపీ మాత్రలకు వచ్చే పెద్దాయన చిల్లర లెక్కపెట్టుకుంటూ, "ఊళ్ళోవాళ్ళకి మందులివ్వడం కాదమ్మా, ఇంట్లో ఆవిడకి ఇంత ముద్ద పెట్టు" అన్నాడు. ఆమె మాత్రలు కవర్లో వేసి ఇచ్చింది. కొడుకుని ఎవరూ ఏమీ అనరు. ఆ కొడుకు పెట్టిన హెడ్డింగు చదివి కోడలి ముఖాన ఉమ్ముతారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అత్తగారు ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల సంచీ.

"ఎక్కడికత్తయ్యా?"

"మా అక్కయ్య దగ్గరికి. పొద్దున్నుంచీ ఫోన్లే. నువ్వు నన్ను కొడుతున్నావట, మాడుస్తున్నావట. కాదు మొర్రో అంటే, 'పాపం, భయపడి చెప్పట్లేదు' అంటున్నారు. నేనిక్కడుంటే నీకు మాటొస్తుందమ్మాయ్."

"మీరు వెళ్తే ఆ మాట నిజమైపోదూ?"

"ఏం చెయ్యను మరి? కూతురు లేని లోటు తీర్చావు. నిన్ను ఒకళ్ళు వేలెత్తి చూపిస్తే నాకు ముద్ద దిగడం లేదు."

కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ అసహ్యం వేసింది. అబద్ధం రాయడం సరే, ఆ అబద్ధం ఇంట్లోకి నడిచొచ్చి సంచీ సర్దిస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది.

"బస్టాండుకు వెళ్దురుగాని. దారిలో ఒకచోట ఆగుదాం."

పత్రికాఫీసులో అప్పుడే సాయంకాలం సంత మొదలైంది. ఒకడు రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని అరుస్తున్నాడు. ఇంకొకడు "మంత్రి మాట్లాడింది తగ్గించండి, ఎద్దు పొడిచింది పెంచండి" అని ఆర్డరేస్తున్నాడు. క్రీడల పేజీవాడు నిద్రపోతూనే టైపు కొడుతున్నాడు. చల్లారిన టీ గ్లాసులు, మాడిన సిగరెట్ల వాసన. వీటి మధ్యలో ఊరందరి ఏడుపులూ కొలత ప్రకారం కోసి అతికిస్తున్నారు.

గుమ్మంలో ఇద్దరినీ చూసి ఒక కుర్ర సబ్ ఎడిటరు నోరు జారాడు. "అరె, ఏడుపమ్మ!"

ఫోన్లు పట్టుకున్నవాడు కూడా తల తిప్పాడు.

"ఏమన్నావు నాయనా?" అంది అత్తగారు.

"అది... కంప్యూటర్లో మీ ఫోటో ఆ పేరుతోనే ఉంటుందండీ. వెతుక్కోవడానికి తేలిగ్గా ఉంటుందని మాస్టారే..."

మాస్టారు చేతిలో పేజీతో పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడా రావడం? పేజీ టైములో!"

"సవరణ వెయ్యండి" అంది కోడలు. "ఆ ఫోటోలో ఉన్నది బాధితురాలు కాదని, ఉల్లిపాయలు తరుగుతోందని వెయ్యండి. మీ అమ్మ సంచీ సర్దుకుంది, చూడండి. మీ పేజీలో కొడుకు తల్లిని బస్టాండులో వదిలాడు. ఇక్కడ తల్లే నడిచి బస్టాండుకు పోతోంది. మీకు శ్రమ కూడా లేదు."

అతని ముఖం మాడిపోయింది. "సవరణ వేస్తే పత్రిక పరువేం కావాలి? ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో ముసుగు తంతారుగా!"

అత్తగారు ఇద్దరినీ పట్టించుకోలేదు. చుట్టూ చూసి మెల్లగా అడిగింది. "ఒరే బాబూ, నా సంగతి అలా ఉంచు. నిజంగా ఒకావిడ బస్టాండులో దొరికింది కదా? ఆవిడ ఫోటో ఎందుకు వెయ్యలేదు?"

ఆ వార్త రాసిన రిపోర్టరు తల గోక్కున్నాడు. "తీశామండీ. పనికిరాలేదు."

"ఎందుకని?"

"ఆవిడ ఏడవలేదండీ. ఎంత అడిగినా ఊరికే కూర్చుంది. ముఖంలో ఏమీ లేదు."

"చూపించు."

రిపోర్టరు మాస్టారి వైపు చూసి, కంప్యూటరులో ఫోటో తెరిచాడు. బల్ల మీద నిటారుగా కూర్చున్న ఒక పెద్దావిడ. చక్కగా దువ్విన తల. ఒళ్ళో సంచీ, దాని మీద రెండు చేతులు. రోడ్డు వైపు చూస్తోంది.

అత్తగారు చాలాసేపు చూసింది. పక్కనున్న కుర్చీలో కూర్చుని, సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"ముఖంలో ఏమీ లేకపోవడమేంట్రా?" అంది. "కొడుకొస్తాడని చూస్తోంది. ఏడిస్తే వాడు రాడని ఒప్పుకున్నట్టే కదా. అందుకే ఏడవలేదు."

మాస్టారు తెర వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. అదే కూర్చోవడం, అదే సంచీ, దాని మీద అవే చేతులు. తల్లి కళ్ళు పొడిగా ఉన్నాయి. పొద్దున తనను నిద్ర లేపితే ప్రింటు బాగా వచ్చిందన్న సంగతి గుర్తొచ్చి, చేతిలో పేజీ బల్ల మీద బోర్లించాడు.

"అమ్మా" అన్నాడు.

గాజు గదిలోంచి ఎడిటరు బయటికొచ్చాడు. విషయం విని, "సవరణలు మొదలెడితే పేపరంతా అవే వెయ్యాలయ్యా" అన్నాడు.

"వేద్దామండీ. ముందు ఇది వేస్తాను. వద్దంటే ఈ పేజీ మీరే చేసుకోండి" అన్నాడు మాస్టారు. పేజీ వదిలే వేళ దగ్గర పడుతోంది, చేసేవాడు వేరే లేడు. ఎడిటరు విసుక్కుంటూ గాజు గదిలోకి పోయాడు.

మర్నాడు పొద్దున పేపరు పడిన చప్పుడుకి కోడలు తానే వెళ్ళి తీసింది. అదే పేజీ, అదే చోటు. ఏడవని ఆవిడ ఫోటో ఉంది, హెడ్డింగు లేదు. కింద మామూలు అక్షరాల్లో, నిన్న వేసిన ఫోటో మా అమ్మది, ఉల్లిపాయలు తరుగుతుండగా తీసింది, కోడలి గురించి రాసినదానికి ఆధారం లేదు, తప్పు నాది అని ఉంది. కింద వాటా ఆవిడ అది చదవలేదు. సవరణలు చదివేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. కోడలికి మాత్రం చాలారోజుల తర్వాత పేపరు సిరా చేతికి అంటినా కడుక్కోవాలనిపించలేదు.

"ఆ సంచీ ఖాళీ చెయ్యకమ్మాయ్" అంది అత్తగారు. "ఆవిడకి మార్చుకోను బట్టలున్నాయో లేవో. ఇచ్చొద్దాం. ఒరేయ్, నువ్వూ లే."

అతను అప్పటికే లేచి ఉన్నాడు.

బస్టాండు నుంచి తీసుకెళ్ళి చేర్చిన అనాథల వసతిగృహం వరండాలో ఆవిడ ఫోటోలో లాగే కూర్చుని ఉంది, గేటు వైపు చూస్తూ. ముగ్గురినీ చూసి, అతని చేతిలో సంచీ చూసి, సగం లేచింది. ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"మావాడు పంపించాడా బాబూ?"

మాస్టారు సంచీ పక్కన పెట్టి, ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చుని, చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కోడలు వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకో నాయనా, ఊరుకో" అంటూ అతని వీపు నిమిరింది ఆ పెద్దావిడ. "వస్తాడులే. పని మీద ఉండుంటాడు."