రెండంగుళాల ఫోము

పొద్దున్నే కూతురు కొత్త బండెక్కి, ఎక్కినట్టే దిగిపోయింది. గుమ్మంలో కాఫీ తాగుతున్న మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు.

"నాన్నా, సీటు కోశావా?"

ముప్పై ఏళ్లుగా బండి సీట్లు కుట్టే మనిషి. ఊళ్లో సగం మంది కూర్చునేది ఆయన కుట్టు మీదే. పాపం, అబద్ధమాడటం మాత్రం చేతకాదు.

"రెండంగుళాలేనమ్మా. నీ మంచికే."

"నన్నడక్కుండానా!"

కొండదారుల్లో తిరిగి భూములు కొలిచే ఉద్యోగం ఆమెది. అందుకే నెల్లాళ్లు తిరిగి రెండు బండ్లు నడిపి చూసింది. పొట్టి బండి మీద పాదాలు నిండుగా నేలకానేవి గానీ మోకాళ్లు ముడుచుకుపోయేవి. రాళ్లదారిలో నిలబడి నడపాలంటే హ్యాండిల్ కోసం నడుం వంచాల్సి వచ్చేది. పొడుగు బండి మీద ఒళ్లంతా హాయిగా కుదిరింది, కాకపోతే మునివేళ్లే నేలకు తగిలేవి. తండ్రి పొట్టిది కొనమన్నాడు. ఆమె పొడుగుది కొంది. నిన్న ఆమె బస్సులో ఆఫీసుకు వెళ్లగానే ఆయన కత్తి తీసి సీటు ఎత్తు తగ్గించేశాడు.

"మోకాళ్లకి కుదిరిందనే కదా ఇది కొన్నాను! నువ్వే ఎక్కి చూడు!"

"ఆయన్నెక్కించకే, మళ్లీ దింపలేక చావాలి" అంది తల్లి వంటింట్లోంచి. మేస్త్రి తాళం అందుకుని బండెక్కాడు.

తండ్రీకూతుళ్లది ఒకటే ఎత్తు. ఊరి చివర వంతెన దాకా వెళ్లొచ్చేసరికి మేస్త్రి మోకాళ్లు పట్టేశాయి. ఈ పిల్ల రోజుకి నాలుగు గంటలు ఇలా కూర్చోవాలా అనుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోయినేడు మన గేటు తియ్యడానికి ఆగి కాలు అందక పాత బండితో పడ్డావు చూడు, ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉందమ్మా. భయమేసింది."

"భయమేస్తే చెప్పాలి నాన్నా. కోసేస్తావా?" అంది. గొంతు మెత్తబడింది.

ముక్కూమొహం తెలియని వాళ్లనైనా ఎక్కించి, అడిగిగానీ ఆయన సీటు మీద కత్తి పెట్టడు. కన్నకూతురి దగ్గరే ఆ పద్ధతి మరిచాడు. సిగ్గుపడుతూ కుట్లు విప్పి, దాచిన ఫోము ముక్క మళ్లీ అతికించి, ఆమెను ఎక్కించి తొడల పక్కన సుద్దతో గీత గీశాడు.

"ఎత్తు ఇంతే ఉంటుంది. ఇక్కడ వెడల్పు తగ్గిస్తే కాళ్లు తిన్నగా దిగుతాయి. కోయనా?"

"కొయ్యి నాన్నా."

సాయంత్రం ఆమె బండెక్కితే మేస్త్రి నేలమీద చతికిలబడి చూశాడు. సగం పాదం ఆనింది.

"మడమ?"

"మడమ ఆనదు నాన్నా."

"సర్లే" అని కళ్లు తుడుచుకుని, తనే వెళ్లి గేటు బార్లా తెరిచాడు.